దిగిన మర్నాడే వండర్‌లా

మా మిలటరీ క్వార్టర్స్‌లోకి కొత్తగా వచ్చిన ఆడపిల్లలు నన్ను మొదట అడిగేది గ్యాస్ గురించి, తర్వాత క్యాంటీన్ కార్డు గురించి. మూడో ప్రశ్న మాత్రం కాస్త గొంతు తగ్గించి అడుగుతారు. "అక్కా, ఆయన లీవులో వస్తున్నారు. పిల్లలు వండర్‌లా, వండర్‌లా అని ప్రాణం తీస్తున్నారు. తక్కువలో ఎలా వెళ్లి రావాలి?" నా జవాబు విని సగం మంది మొహం అదోలా పెడతారు. పక్క బ్లాకు సుబేదారు గారి భార్య అయితే "ఈవిడ మాట వినకండమ్మా, ఇల్లు గుల్లవుతుంది" అని నా ఎదుటే అనేసింది. అయినా నా మాట నేను మార్చుకోను. పదమూడేళ్లుగా ఈ ఉద్యోగానికి భార్యగా ఉన్నాను. అందులో ఏడేళ్లు ఆయన ఒక చోట, మేం ఒక చోట. ఇందులో చెప్పేదంతా అలా గడిచిన రోజుల్లో నేర్చుకున్నదే.

ముందు లెక్క తేల్చుకుందాం. జవానుకి ఏడాదికి యాన్యువల్ లీవు 60 రోజులు, క్యాజువల్ 30. కాగితం మీద చూస్తే తొంభై రోజుల మొగుడు. అందులో ఊరికి పోయి రావాలి, పొలం కాగితాలు చూసుకోవాలి, బ్యాంకులో సంతకాలు, ఆధార్‌లో తప్పులు, మేనమామ కూతురి పెళ్లి, ఎవరో పోతే పలకరింపు. మిగిలిన రోజుల్లో పిల్లలు బడికి పోతారు. అన్నీ తీసేస్తే పోయినేడు మా నలుగురం ఒక చోట, ఏ పనీ లేకుండా ఉన్న ఆదివారాలు ఐదు. మన ఇంట్లో అన్నిటికన్నా కరువైన సరుకు అదే. ఐదింటిలో ఒకటి ఖర్చు పెడుతున్నానని గుర్తుంటే టికెట్ కిటికీ దగ్గర చెయ్యి వెనక్కి పోదు.

డబ్బు సంగతికొస్తే, నేను ఎంఎస్‌పీ లెక్కలో చూస్తాను. మిలటరీ సర్వీస్ పే. ఏడో వేతన సంఘం నుంచి జవాన్లకీ జేసీఓలకీ అది నెలకి 5,200. ఆ ఉద్యోగంలో ఉన్న కష్టానికంటూ విడిగా ఇచ్చేది అది. ఆ కష్టంలో పిల్లల వాటా కూడా ఉందని నా నమ్మకం. అందుకని రెండు నెలల ఎంఎస్‌పీ, అంటే 10,400, వాళ్లది. అది దాటను, అందులో ఒక్క రూపాయి మిగిల్చే ప్రయత్నమూ చెయ్యను. ఆ రెండు నెలలు పాప పేరున ఉన్న సుకన్య ఖాతాలో డబ్బు వెయ్యడం ఆపేస్తాను. సుబేదారు గారి భార్యకి ఒళ్లు మండేది ఇక్కడే. ఏడాదిలో 250 రూపాయలు పడితే ఆ ఖాతా ఆగిపోదు. రెండు నెలలు ఆలస్యమైతే పాప పెళ్లి ఆగదు. నాన్నతో ఒక రోజు మాత్రం మళ్లీ కట్టుకుందామంటే వాయిదాల్లో దొరకదు. లెక్క వేసేటప్పుడు టికెట్ ధర మీద జీఎస్టీ కూడా కలుపుకోండి. వండర్‌లా లాంటి వినోద పార్కులకి 2017లో 28 శాతం ఉండేది, 2018 జనవరి 25 నుంచి 18 చేశారు. అత్తగారితో కలిపి ఐదుగురికి పద్దెనిమిది శాతమంటే ఇంకో పిల్లాడి టికెట్ దాకా పోతుంది. గేటు దగ్గరికెళ్లి గతుక్కుమనే బదులు ఇంట్లోనే కలుపుకోవడం మంచిది.

ఇక అసలు సలహా. ఆయన రైలు దిగిన మర్నాడే వెళ్లండి.

"రెండు రాత్రులు రైల్లో వచ్చిన మనిషిని నిద్ర కూడా పోనివ్వవా" అని మా అమ్మ కూడా నన్ను తిట్టింది. నేనూ ఒకప్పుడు అలాగే అనుకునేదాన్ని. 2025 ఏప్రిల్‌లో ఆయన లీవులో వచ్చినప్పుడు ముందు ఊరు, తర్వాత పెళ్లి, చివర్లో వండర్‌లా అని వరస పెట్టాను. క్యాలెండర్లో మే 11 ఆదివారం చుట్టూ బాబు ఎర్ర స్కెచ్ పెన్నుతో సున్నా చుట్టాడు. మే 7న ఆపరేషన్ సిందూర్. 8న ఫోనొచ్చింది. మాట్లాడింది నిమిషం కూడా లేదు. ఆయన "జీ సర్" అని పెట్టేసి, మంచం కింద నుంచి సంచి లాగారు. నేను ఆరేసిన బట్టలు తడివి తడిగానే తీసి ఇచ్చాను. రాత్రి పదకొండింటికి వెళ్లిపోయారు. పిల్లలు నిద్రలో ఉన్నారు. మరుసటి రోజు టీవీలో శ్రీ సత్యసాయి జిల్లా కల్లితండా నుంచి వెళ్లిన జవాను మురళీ నాయక్ చనిపోయిన వార్త. ఆ తల్లిని చూపిస్తుంటే టీవీ ఆపేశాను, మళ్లీ నాలుగు రోజులు పెట్టలేదు. క్యాలెండర్లో ఎర్ర సున్నా మాత్రం నెలాఖరుదాకా గోడ మీదే ఉంది. ఆ కాగితం చింపడానికి మా ఇద్దరు పిల్లల్లో ఎవరూ ఒప్పుకోలేదు.

అప్పటి నుంచి మా ఇంట్లో వరస తిరగబడింది. ముందు పిల్లలు, తర్వాత ఊరు, తర్వాత పెళ్లిళ్లు. నవంబరులో ఆయన శనివారం సాయంత్రం దిగారు. ఆదివారం పొద్దున బయలుదేరాం. నిద్ర సంగతి మీకెందుకు, మిలటరీ మనిషి బస్సు ఎక్కగానే పడుకోగలడు. ఇంకో సంగతి, ఆర్నెల్ల తర్వాత వచ్చిన తండ్రి దగ్గరికి చిన్నపిల్లలు వెంటనే రారు. తలుపు వెనక నిలబడి చూస్తారు. ఇంట్లో ఆ బెరుకు పోవడానికి వారం పడుతుంది. నీళ్లలో పావుగంట చాలు.

తేదీ ముందుగా పిల్లలకి చెప్పకండి. ముందుగా ఆన్‌లైన్‌లో కొంటే తగ్గుతుందని అందరూ అంటారు, నిజమే. నేను కొనను. ఆయన స్టేషన్లో దిగి, ప్లాట్‌ఫాం మీద ఆయన్ని కంటితో చూసేదాకా ఏ టికెట్టూ కొనను. మే నెలలో ముందే కొని ఉంటే, ఆ టికెట్ల బొమ్మ నా ఫోన్లో ఉండిపోయేది. బాబు రోజూ తీసి చూసుకునేవాడు. ఆ తగ్గింపు నాకొద్దు.

రోజు విషయంలో కూడా నాది ఎదురు మాటే. వారం మధ్యలో వెళ్తే టికెట్ తక్కువ, జనం తక్కువ. మీరు ఆదివారమే వెళ్లండి. ఖాళీగా ఉన్న పార్కులో పిల్లలు ఒక ఆట నుంచి ఇంకో ఆటకి పరుగులు తీస్తారు, మనం చెప్పులు మోసుకుంటూ వెనక నడుస్తాం. జనం ఉన్న చోట పిల్లాడు తనంతట తనే నాన్న చూపుడు వేలు పట్టుకుంటాడు. పన్నెండేళ్లొచ్చిన మగపిల్లాడు ఇంటి దగ్గర చెయ్యి పట్టుకోనిస్తాడా?

ఎక్కడికి అన్న ప్రశ్న కూడా వస్తుంది. హైదరాబాదులో చోట్లకి కొదవ లేదు. రామోజీ ఫిల్మ్ సిటీ 1996 నుంచి ఉంది, చూడాల్సిందే. కానీ అక్కడ చాలాసేపు బస్సులో కూర్చోబెట్టి తిప్పుతారు. మైకులో గైడు మాట్లాడుతుంటాడు, మన మాటకి చోటుండదు. అది అత్తమామలు ఊరి నుంచి వచ్చినప్పుడు పెట్టుకోండి. ఎన్టీఆర్ గార్డెన్స్, సంజీవయ్య పార్కు లాంటివి ఆయన లేనప్పుడు కూడా మనం తీసుకెళ్లగలం. లీవు రోజు వాటికి వెయ్యొద్దు. రావిర్యాల దగ్గరున్న వండర్‌లా 2016లో తెరిచారు, అవుటర్ రింగ్ రోడ్డు పక్కనే. మా పక్కింటి కేరళ అమ్మాయి దాన్ని ఇప్పటికీ వీగాలాండ్ అనే అంటుంది. కొచ్చిలో వాళ్ల మొదటి పార్కు 2000లో ఆ పేరుతోనే మొదలైంది మరి.

మేముండే బొల్లారం వైపు నుంచి అది ఊరికి అవతలి కొస. క్యాబు ఎక్కకండి. ఆర్టీసీలోనే పోండి, ఎంత ఆలస్యమైనా సరే. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకి బస్సు ఉచితం కదా అని నేను మొదట్లో ధీమాగా ఎక్కాను. అది ఇక్కడి చిరునామా ఉన్న గుర్తింపు కార్డుకే. మాది గిద్దలూరు వైపు, నా ఆధార్ అక్కడిదే. నాకూ పాపకీ టికెట్ కొట్టాల్సి వచ్చింది. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రాలోనూ ఉచితం ఇచ్చారు, కానీ నేనుండేది ఇక్కడ. మిలటరీ ఇంటికి ఊరు ఒక చోట, కాగితం ఒక చోట, మనిషి ఇంకో చోట. టికెట్ డబ్బులు కట్టేసి కిటికీ పక్కన కూర్చోండి. ఆధార్ చిరునామా మార్పు అంటూ ఆయన లీవులో ఒక రోజు మాత్రం తగలెయ్యకండి.

తిండి సంగతి. బయటి తిండి లోపలికి రానివ్వరు. ఆటలెక్కే ముందు కడుపు ఖాళీగా ఉంచుకోవాలంటారు. నేను మాత్రం చింతపండు పులిహోర, పెరుగన్నం రెండు స్టీలు డబ్బాల నిండా కట్టుకుని పోతాను. పార్కు తెరిచేది పదకొండింటికి, మా ఆయన అలవాటు ప్రకారం తొమ్మిదిన్నరకే అక్కడ ఫాలిన్ అయిపోతాం. బయట చెట్టు కింద దుప్పటి పరిచి కడుపునిండా పెడతాను. మొదటి ఆట ఎక్కేసరికి గంటన్నర పడుతుంది, అప్పటికి అంతా సర్దుకుంటుంది. మా ఇంట్లో ఇప్పటిదాకా ఒక్కరికి కూడా కడుపులో తిప్పలేదు. సాయంత్రం నాలుగింటికి లోపల ఒక ప్లేటు ఏదైనా కొని ఐదుగురం పంచుకుంటాం.

నీళ్లలో దిగడానికి నూలు బట్టలు ఒప్పుకోరు. నైలాన్, పాలిస్టర్ లాంటివి కావాలి. అక్కడ కొంటే మీ లెక్క తప్పుతుంది. మన ఇళ్లలో దీనికి లోటు లేదు. ఆయన పీటీ నిక్కర్లు, పాత స్పోర్ట్స్ టీషర్టులు ట్రంకులో ఎన్ని ఉంటాయో చూడండి. బాబుకి నడుము దగ్గర రెండు కుట్లేసి ఇచ్చాను. వెనక కంపెనీ పేరు సగం చెరిగిపోయి ఉంది. ఆ రోజంతా నీళ్లలో వాడు నాకు దూరం నుంచి ఆ సగం అక్షరాలతోనే దొరికాడు.

అత్తగారిని తప్పకుండా తీసుకెళ్లండి. ఏ ఆటా ఎక్కని మనిషికి టికెట్ ఎందుకు అంటారు. సీనియర్ సిటిజన్ టికెట్ కొంత తక్కువే, అది ఒక సంగతి. సామాన్లకి లాకరు తీసుకోనక్కర్లేదు, ఆవిడ దగ్గర పెడితే చాలు, అది ఇంకోటి. వీటన్నిటికన్నా పెద్ద సంగతి ఉంది. ఆవిడకీ ఏడాదికి అవే తొంభై రోజులు. మా అత్తమ్మ అలల కొలను గట్టు మీద మా చెప్పులు, సంచులు చుట్టూ పెట్టుకుని కాపలా కూర్చుంది. ఆయన నీళ్లలోంచి వచ్చి, తడిసిన తలతో ఆవిడ కాళ్ల దగ్గర కూర్చున్నారు. ఆవిడ ఏమీ అనకుండా కొంగుతో ఆయన తల తుడవడం మొదలుపెట్టింది. క్రాపు కట్టింగు కాబట్టి తుడవడానికి అక్కడ ఏమీ లేదు. అయినా చాలాసేపు తుడిచింది.

మిలటరీ కార్డు చూపిస్తే తగ్గిస్తారా అని అడగొద్దని చెబుతాను. ఇది వినగానే కొత్త అమ్మాయిలు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూస్తారు. తగ్గింపులు ఇచ్చే పార్కులు ఉంటాయి, తీసుకునేవాళ్లని నేను తప్పు పట్టను. కానీ ఒకసారి వేరే ఊళ్లో, వేరే చోట మేం అడిగాం. కార్డు జిరాక్స్ కావాలన్నారు. ఆ కార్డు జిరాక్స్ ఇవ్వకూడదని ఆయన చెబుతున్నారు, కావాల్సిందేనని కౌంటరు అబ్బాయి పట్టుబట్టాడు. ఈలోగా వెనక నిలబడ్డ పెద్దమనిషి "సార్ ఆర్మీనా? ఏ బోర్డరు? మీరెప్పుడైనా కాల్చారా?" అని మొదలుపెట్టాడు. ఆయన మర్యాదకి రెండు మాటలు చెప్పారు. అవి ఇరవై అయ్యాయి. లోపలికి వెళ్లాక కూడా ఆ కుటుంబం మాతోనే తిరిగింది, సెల్ఫీలు దిగింది. మంచివాళ్లే. ఆ రోజు మా పిల్లలు మాత్రం నాన్నని పక్కవాళ్లకి ఇచ్చేసి వచ్చినట్టు ఇంటికొచ్చారు. అప్పటి నుంచి ఆయనకి పూల చొక్కా వేస్తాను, నెత్తిన టోపీ పెడతాను. ఎవరైనా ఏం చేస్తారని అడిగితే స్టోర్సులో పని అని చెప్పమంటాను. ఆ ఒక్క రోజు ఆయన బాబుకీ పాపకీ నాన్న, అంతే చాలు.

ఇప్పుడు ఎత్తు గురించి. ఇది నేను ఎవరికైనా చేతులు పట్టుకుని మరీ చెప్పే మాట. పిల్లల టికెట్ ఎత్తును బట్టి ఉంటుంది. మేం వెళ్లినప్పుడు 140 సెంటీమీటర్లు దాటితే పెద్దవాళ్ల టికెట్. తెలివైన తల్లులు ఇంట్లో టేపు పెట్టి కొలుచుకుని, అంచు మీదున్న పిల్లాడికి పలచటి చెప్పులేసి, కొంచెం మెడ వంచమని నేర్పి తీసుకొస్తారు. మీరు ఆ పని చెయ్యొద్దు. ఇంట్లో అసలు కొలవొద్దు. గేటు దగ్గర ఆ గీత కింద పిల్లాణ్ణి వాళ్ల నాన్న చేత్తోనే నిలబెట్టించండి.

ఎందుకో చెబుతాను. సొంతిళ్లలో తలుపు పక్కన గోడ మీద పెన్సిలు గీతలు ఉంటాయి, పుట్టినరోజు పుట్టినరోజుకీ పిల్లలు ఎంత పెరిగారో తెలుస్తుంది. మాకా గోడ లేదు. క్వార్టరు ఖాళీ చేసేటప్పుడు మార్చింగ్ అవుట్ అని తనిఖీ ఉంటుంది. మేకు రంధ్రం నుంచి పిల్లలు గీసిన పిచ్చిగీత దాకా క్వార్టర్ల బాగోగులు చూసే ఎంఈఎస్ వాళ్లు చూసి బ్యారక్ డ్యామేజీ రాస్తారు. గీసినా ఆ గోడ రెండేళ్లకి ఇంకొకళ్లది. మా పిల్లల ఎత్తు ఏ ఊరి గోడ మీదా లేదు.

మే నెలలో బళ్లో కొలిచినప్పుడు బాబు 137. అప్పుడు వెళ్లి ఉంటే చిన్న టికెట్టే. నవంబరులో ఆయన వాడి భుజాలు పట్టుకుని గీత కిందకి నడిపించారు. మడమలు ఆనించమన్నారు, గడ్డం నిటారుగా పెట్టమన్నారు, భర్తీ ర్యాలీలో తనని కొలిచినట్టే కొలిచారు. అరచెయ్యి వాడి నెత్తి మీద అడ్డంగా పెట్టి, అది గోడని ఎక్కడ తాకిందో చూశారు. గీత దాటింది. ఆయన చెయ్యి తియ్యలేదు. "ఎప్పుడు పెరిగావురా?" అన్నారు. వాడికి ఏం చెప్పాలో తెలియక నవ్వాడు. కిటికీ దగ్గరికెళ్లి "ముగ్గురు పెద్దవాళ్లు" అని ఆయన అన్న గొంతు నాకు ఇంకా వినబడుతోంది. ఆ టికెట్లో ఎక్కువ కట్టిన డబ్బు ఈ పదమూడేళ్లలో నేను పెట్టిన ఖర్చులన్నిటిలోకీ సార్థకమైనదని నా అభిప్రాయం.

లోపలికి వెళ్లాక ఫాస్ట్ ట్రాక్ కొనకండి. డబ్బు ఆదా అవుతుంది, దాన్ని మించిన లాభం కూడా ఉంది. అన్నిటికన్నా పొడుగైన క్యూ ఏదో చూసి అందులో నిలబడండి. బాబు 140 దాటాడు కాబట్టి రికాయిల్ ఎక్కుతానన్నాడు. పోయిన దారినే మళ్లీ వెనక్కి తీసుకొచ్చే రోలర్ కోస్టర్ అది. ఎక్కి దిగడానికి రెండు మూడు నిమిషాలు. క్యూ యాభై నిమిషాలు. ఇనుప కడ్డీల మధ్య మెలికలు తిరుగుతూ ముందు వాడు, వెనక ఆయన, ఆ వెనక నేను. ఫోన్లు అత్తమ్మ దగ్గర. ఎటూ పోయే దారి లేదు. మొదటి పది నిమిషాలు క్రికెట్. తర్వాత లెక్కల టీచరు. తర్వాత కాసేపు ఏమీ లేదు. అప్పుడు వాడు కడ్డీకున్న పెయింటు గోటితో గీకుతూ, తల తిప్పకుండానే అడిగాడు.

"ఆ రోజు చెప్పకుండా ఎందుకెళ్లిపోయావు నాన్నా?"

"లేపానురా. నువ్వే లేవలేదు."

వాడు కొంచెం ఆలోచించాడు. "ఇంకోసారి నీళ్లు చల్లు."

"సరే. చల్లుతాను."

క్యూ ముందుకు కదిలింది. ఆర్నెల్లు ఫోన్లో రోజూ మాట్లాడాడు వాళ్ల నాన్నతో, ఈ మాట అడగలేదు. అందుకే చెబుతున్నాను, ఆటలు ఎన్ని ఎక్కాం అని లెక్కపెట్టకండి. మేం ఆ రోజు ఎక్కినవి నాలుగు. పాప అయితే రెయిన్ డాన్స్ దగ్గరే రెండు గంటలుంది, దాన్ని కదిలించలేదు. పైసా వసూలు చేస్తామని పరిగెత్తేవాళ్లు పరిగెత్తనీ.

ఆట మీద ఉండగా పార్కు వాళ్లు తీసే ఫొటో ఒకటి కొనండి. ఎక్కువ ధరే. ఫోన్లో ఎన్నో ఉన్నాయి కదా అనకండి. ఆయన వెళ్లే చోట ఫోను చేతిలో ఉండని రోజులుంటాయి, చార్జింగు లేని రోజులుంటాయి. కాగితం ఫొటోకి ఇవేమీ అక్కర్లేదు. మేం కొన్నదాంట్లో బాబు కళ్లు మూసుకుని అరుస్తున్నాడు, ఆయన వాడి వైపు చూస్తున్నారు. వెళ్లేటప్పుడు దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, నల్ల ట్రంకు మూత లోపలి వైపు నాలుగు మూలలా టేపు వేసి అంటించుకున్నారు.

వచ్చే లీవు వేసవిలో అంటున్నారు. పాపని మొన్న బళ్లో హెల్త్ చెకప్‌లో కొలిచి కార్డు మీద రాసి పంపారు. ఆ కార్డు మడిచి పప్పుల డబ్బా వెనక దాచాను. ఫోన్లో ఆయన అడిగితే, చూడలేదన్నాను.